గిటారు బాడీ కోసిన పనస చెక్క పగిలింది. పూడ్చుకోవచ్చా, పారెయ్యాలా?

మీరడిగింది ఇదీ: టెక్కలి దగ్గర అడితిలో పనస దుంగ కొని, రెండంగుళాల చెక్క కోయించి, ఎలక్ట్రిక్ గిటారు బాడీ ఆకారం తీశారు. నాలుగు రోజులకి కింది అంచు నుంచి, అంటే తీగల కింది చివర్లని పట్టి ఉంచే బ్రిడ్జి కూర్చునే వైపు నుంచి, నాలుగంగుళాల పగులు లోపలికి పాకింది. ఇంకా ఎక్కడా గుంటలు తవ్వలేదు. ఫెవికాల్‌లో రంపప్పొట్టు కలిపి పూడ్చేస్తే సరిపోతుందా, లేక చెక్క పొయ్యిలోకేనా అని.

పారెయ్యకండి. అలాగని ఇవాళే పూడ్చనూ వద్దు. పగులు సంగతి తర్వాత, చెక్క ఎండటం అయిపోయిందా, ఇంకా ఎండుతోందా అన్నది ముందు తేల్చుకోండి. ఆకారం తీసిన నాలుగు రోజులకే నోరు తెరిచిందంటే లోపల ఇంకా పచ్చిగా ఉందనే నా అనుమానం.

నాది బొబ్బిలి. పెళ్ళిళ్ళకీ జాతరలకీ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ణి. ఇప్పుడు వాయించడం తగ్గింది, బాగుచేయడం పెరిగింది. ఇప్పటిదాకా ఏడు బాడీలు చేశాను, నాలుగు పనసవి. ఆ నాలుగింట్లో మూడు పగిలాయి. అంచేత నేను చెప్పేదంతా చెడగొట్టుకుని నేర్చుకున్నదే, అలాగే తీసుకోండి.

2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి కదా. కవిటి వైపు మా మావయ్య తోటలోనూ ఓ పెద్ద పనస మాను పడిపోయింది. "ఒరే గుంటడా, కాయ ఎలగూ లేదు, కర్రయినా అట్టుకెళ్ళు" అన్నాడు. సంక్రాంతి వెళ్ళాక కోయించి, రెండున్నర అంగుళాల చెక్కలు రెండు తెచ్చుకున్నాను. ఇంటి గేటుకి వేయగా మిగిలిన ఎనామిల్ పెయింటు ఉంటే ఒక చెక్క కొసలు రెంటికీ పూశాను. అంతటితో డబ్బా అయిపోయింది. రెండోదానికి కొందాంలే అనుకున్నాను, కొనలేదు. రెండూ ఒకే మాను, ఒకే రోజు కోసినవి, ఒకే గోడకి ఆనించినవి. పెయింటు పూసినది ఈరోజుకీ వెంట్రుకంత చీలలేదు. పూయనిది రెండో నెలకే కొసల దగ్గర కాకి కాలులా నాలుగు చోట్ల విచ్చుకుంది.

ఎందుకంటే కర్రలో నీరు నిలువుగా గొట్టాల్లాంటి నాళాల గుండా నడుస్తుంది. కొసలు ఆ గొట్టాల మూతులు. పక్కల నుంచి పోయేదాని కన్నా కొసల నుంచి తేమ పదింతలకు పైగా వేగంగా పోతుంది. కొస ఎండి ముడుచుకుంటానంటుంది, ఒక జానెడు లోపలున్న కర్ర ఇంకా తడిగా ఉండి ముడుచుకోనంటుంది. ఆ పెనుగులాటలో తెగేది కొసే. పైగా కర్ర అన్ని వైపులా సమానంగా ముడుచుకోదు. వలయాల చుట్టు వాటంలో వచ్చే కుదింపు, మాను నడిబొడ్డు నుంచి బెరడు వైపు వచ్చేదానికి ఇంచుమించు రెట్టింపు. దుంగ మీద పగుళ్ళు బండి చక్రం ఆకుల్లా నడిమి నుంచి బయటికి పరుచుకోవడం చూసే ఉంటారు, కారణం ఇదే. మీరు ఆకారం కోసినప్పుడు అంతవరకూ లోపల దాగి ఉన్న పచ్చి కర్రకి కొత్తగా గాలి తగిలింది. వంపులన్నిచోట్లా కొసలు తెరుచుకున్నాయి. నాలుగు రోజులు చాలు.

ఇక మీరడిగిన ఫెవికాల్, రంపప్పొట్టు ముద్ద. నేనూ సరిగ్గా అదే చేశాను. పెయింటు పూయని చెక్కనే ముందు బాడీ చేశాను, తొందరెక్కువ కదా. ఆగస్టులో, వానల్లో, పగుళ్ళు కాస్త దగ్గరకొచ్చి సన్నగా కనిపించాయి. ముద్ద కూరి, ఉప్పుకాగితంతో రుద్ది, పైన లాకరు అనే మెరుపు పూత కొట్టి, చూసినవాళ్ళందరికీ చూపించుకున్నాను. భోగి రోజున గిటారు పెట్టె తెరిచేసరికి ముద్దకి పక్కగా కొత్త గీత. లాకరుని కూడా చీల్చుకుని వచ్చింది, గోరు పెడితే తగులుతోంది. ముద్ద మాత్రం గట్టిగా అలాగే ఉంది, తప్పు దానిది కాదు. వానాకాలం ఉబ్బిన కర్రలో పూడ్చాను, చలికాలం గాలి ఆరాక కర్ర వెనక్కి జరిగింది. ఎండాకాలం బాగా తెరుచుకున్నప్పుడు రాయిలాంటి ముద్ద కూరితే ఇంకో తంటా. వానలకి కర్ర ఉబ్బి మూసుకుందామంటే అడ్డం, దాంతో పగులు మొన ఇంకా లోపలికి తన్నుకుపోతుంది.

ఆ గిటారు పట్టుకుని గొల్లపల్లి వెళ్ళాను. బొబ్బిలి వీణలు చేసేది అక్కడే. పనస మాను ఒకే దుంగని తొలిచి కుండ, దండి కలిపి తీసే ఏకాండి వీణ వాళ్ళ చేతి పని. పనస సంగతి వాళ్ళకన్నా తెలిసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరుంటారు? ఒక పెద్దాయన నా గిటారుని వీణలాగే ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, ఆ గీత మీద బొటనవేలు నడిపించి, "సెక్క ఇంకా నడుస్తంది బాబూ. నడిసేదాన్ని మట్టెట్టి ఆపుతానంటే ఆగుతాదేటి?" అన్నాడు. లాకరు గురించి ఒక్క ముక్క కూడా అనలేదు, నేనేమో దాన్నే మెచ్చుకుంటాడని ఎదురుచూశాను.

కాబట్టి ముందు నడక ఆగిందో లేదో చూడాలి. తేమ మీటరు లేకపోయినా ఫరవాలేదు. మా వీధి చివర బియ్యం కొట్లో ఎలక్ట్రానిక్ కాటా ఉంది, పదిహేను రోజులకోసారి చెక్క తీసుకెళ్ళి తూచి, చెక్క మీదే పెన్సిలుతో తేదీ, బరువు రాసుకుంటాను. కొట్టాయన మొదట్లో నవ్వేవాడు, ఇప్పుడు తనే అడిగి తూస్తాడు. వరసగా మూడుసార్లు బరువు తగ్గకపోతే మన ఊరి గాలికి సరిపడా ఎండినట్టు. పగులు మొన దగ్గర కూడా అడ్డంగా సన్న గీత గీసి తేదీ వేయండి. నెలలో అది గీత దాటిందా లేదా కనిపిస్తుంది. అంగుళం మందానికి ఏడాది ఎండాలన్నది వడ్రంగుల పాత లెక్క. మీ రెండంగుళాలకి రెండేళ్ళు. అడితి వాళ్ళు "ఎండిన సరుకే" అంటారు, అనాలి కాబట్టి. ఈలోగా కోసిన అంచులన్నిటికీ మైనమో, పెయింటో పూసెయ్యండి. ఏసీ గదిలో పెట్టొద్దు, ఎండ తగిలే గోడకి ఆనించొద్దు. మంచం కింద రెండు బద్దల మీద పరిచి, రెండు వైపులా గాలి ఆడేలా ఉంచండి.

నడక ఆగాక పగులు అసలు ఎంత దూరం వెళ్ళిందో చూడాలి. కంటికి కనిపించేది పూర్తి పగులు కాదు. పాలిష్‌కి వాడే స్పిరిట్ గుడ్డకి అద్ది ఆ చోటంతా తుడవండి. పైన అర నిమిషంలో ఆరిపోతుంది, పగులులోకి దిగినది మాత్రం ఆరదు. నల్లటి గీతలా నిలబడి అసలు మొన ఎక్కడుందో చూపిస్తుంది. నాకు రెండంగుళాలనుకున్నది మూడుంపావు తేలింది. వెనక వైపు కూడా తుడవండి. వెనక కూడా గీత కనిపిస్తే చెక్క ఆరపార చీలినట్టు.

మీ పగులు ఉన్న చోటు నాకు నచ్చలేదు. మామూలు 10-46 తీగలు (అంగుళాన్ని వెయ్యి చేస్తే సన్న తీగ మందం 10 వంతులు, లావుది 46) సరైన శ్రుతిలో బిగిస్తే ఆరు తీగలూ కలిపి లాగే లాగుడు సుమారు 45 కిలోలు. మామూలు బియ్యం బస్తా 25 కిలోలనుకుంటే దాదాపు రెండు బస్తాలు. అంత బరువుని ఒక చివర బ్రిడ్జి మరలు, ఇంకో చివర నెక్, అంటే వేళ్ళతో తీగలు నొక్కే పొడవాటి కర్ర, కూర్చునే గుంట మోయాలి. కింది అంచు నుంచి నాలుగంగుళాలంటే పగులు దాదాపు బ్రిడ్జి మరల దాకా వచ్చినట్టే. అక్కడ ముద్ద కాదు కదా, ఏ జిగురు పోసినా నాకు నిద్ర పట్టదు. కొమ్ముల దగ్గరో, అంచున మోచెయ్యి ఆనే చోటో అయితే ఇంత పట్టించుకునేవాణ్ణి కాదు.

అందుకని నేనైతే చెక్కని ఆ పగులు వెంబడే పూర్తిగా రెండుగా కోసేస్తాను. వినడానికి కష్టంగా ఉంటుంది, తెలుసు. కానీ పగిలిన ముఖాలని పగిలినట్టే అతికించడం కన్నా, కోసి, చిత్రిక పట్టి, శుభ్రమైన రెండు అంచులు కలపడం చాలా తేలిక. 1950ల నుంచి ఫెండర్ లాంటి కంపెనీలు అమ్మిన బాడీల్లో ఎక్కువ భాగం రెండు మూడు ముక్కలు అతికినవే. ఏకాండి గొప్పదనం వీణకి చెల్లుతుంది. గిటారు బాడీకి ఒకే ముక్క కావాలన్న పట్టుదల ఎందుకో నాకు అర్థం కాదు. నార పొడవునా సరిగ్గా కలిపిన అతుకు, కర్ర కన్నా గట్టిది. నమ్మకం లేకపోతే రెండు తునకలు ఫెవికాల్‌తో అతికి, మర్నాడు మోకాలి మీద పెట్టి విరిచి చూడండి. అతుకు పక్కనున్న కర్రే విరుగుతుంది.

చిత్రిక పట్టాక రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెనక ట్యూబ్‌లైటు పెట్టుకుని చూడండి. ఎక్కడా వెలుతురు సన్న దారంలా కూడా కనపడకూడదు. దీని మీద నేను ఒక పూట పోగొట్టుకున్నాను, పోతే పోయింది. రంపం, చిత్రిక కలిసి మూడు నాలుగు మిల్లీమీటర్లు తినేస్తాయి. ఆ వెడల్పు మళ్ళీ కావాలంటే మధ్యలో అంత మందం టేకు బద్ద పెట్టి అతికితే బాడీ నడిమిన ముదురు రంగు చార వస్తుంది. నా మూడో గిటారుకి అలాగే పెట్టాను. చూసినవాళ్ళు కావాలని చేసిన డిజైన్ అనుకుంటారు. నేను కాదనను.

వంపుల బాడీని క్లాంపులతో బిగించడం ఎలా అంటారు. ఆకారం కోసినప్పుడు పక్కకి వచ్చిన ముక్కలు దాచారా? అవే అచ్చు. ఎక్కడివక్కడ తిరిగి పెట్టి, మధ్యలో పాత పోస్ట్‌కార్డు మందం రబ్బరో, జనపనార గోనె ముక్కో వేసి, ఆ ముక్కల మీద క్లాంపులు బిగించండి. ముక్కలు పొయ్యిలో పెట్టేసి ఉంటే చవక ప్లైవుడ్‌తో మళ్ళీ కోసుకోవాలి. జిగురు అతుకు పొడవునా ఆవగింజల్లా బయటికి రావాలి. ధారగా కారితే ఎక్కువ పోశారు, ఏమీ రాకపోతే తక్కువ పోశారు, లేదా బిగించడం చాల్లేదు. బిగించి ఒక రోజంతా ముట్టుకోకండి. మా ఇంట్లో ఆ రాత్రి పిల్లి క్లాంపు పడేసింది, అందుకే తలుపేసి పడుకోమంటున్నా.

ఇంత శస్త్రచికిత్స అక్కర్లేని సన్న చీలికలూ ఉంటాయి. వెంట్రుకంత దానికి నీళ్ళలా పలచగా ఉండే ఫెవిక్విక్ రకం జిగురు బాగా పనిచేస్తుంది. దానంతటదే లోపలికి పీల్చుకుంటుంది. కానీ ముందు చీలికకి రెండు వైపులా లక్క పాలిష్ ఒక పూత వేయండి. లేకపోతే జిగురు పక్కకి కూడా ఇంకి, తర్వాత ఎంత రుద్దినా పోని మరక కడుతుంది. ఇంకో మాట, నూలు బట్టల మీద పడనివ్వకండి. ఈ జిగురు నూలు తగిలితే భగ్గున వేడెక్కుతుంది. నేను లుంగీ కట్టుకుని కూర్చుని పోస్తుంటే నాలుగు చుక్కలు తొడ మీద పడి పొగ లేచింది. మచ్చ ఇంకా ఉంది. కళ్ళద్దాలు పెట్టుకోండి, ఊదకండి.

దానికన్నా కొంచెం వెడల్పైతే, అంటే గోరు అంచు దూరేటంతైతే, నెమ్మదిగా గట్టిపడే రకం అరాల్డైట్. రెండు ట్యూబులూ సమానంగా కలిపి, హెయిర్ డ్రయర్‌తో చెక్కని గోరువెచ్చగా చేస్తే పలచబడి దిగుతుంది. సూది తీసేసిన సిరంజితో పోసి, చీలిక కింది మూతి దగ్గర వాక్యూమ్ క్లీనర్ గొట్టం పెట్టి పీలిస్తే అడుగుదాకా లాక్కుంటుంది. గొట్టంలోకి జిగురు పోకుండా మధ్యలో గుడ్డ పెట్టండి, ఇంట్లో వాళ్ళకి చెప్పి తీసుకోండి.

అగ్గిపుల్ల మందం దాటిన పగులుకి ఏ ద్రవమూ పోయొద్దు. అక్కడ కర్రకి కర్రే మందు. సన్న పళ్ళ రంపంతో పగులుని తిన్నటి గాడిగా చేసి, అదే చెక్క నుంచి తీసిన పేడుని, నార వాటం కలిసేలా, ఒక వైపు కొద్దిగా సన్నం చేసి జిగురు రాసి దింపాలి. వేలితో నొక్కితే దిగాలి. సుత్తి తియ్యాల్సి వస్తే పేడు లావైనట్టే, కొడితే పగులుని మీరే ఇంకా చీలుస్తారు. ఆరాక పైకి మిగిలినది పదునైన ఉలితో చెక్కెయ్యండి.

వెనక వైపు ఆరపార చీలిన చోట నేను డమరుకం ఆకారపు బిళ్ళ కూడా దింపుతాను. నడుము సన్నం, రెండు చివరలూ వెడల్పు. సన్న నడుము పగులు మీద అడ్డంగా పడాలి, బిళ్ళ నార మాత్రం పగులుని దాటుతూ ఈ చివర నుంచి ఆ చివరకి పోవాలి. నార పగులు వెంబడి తిరిగితే బిళ్ళ నడుము దగ్గరే విరుగుతుంది. 45 మిల్లీమీటర్ల బాడీకి 12 నుంచి 15 మిల్లీమీటర్ల లోతు చాలు. ముందు బిళ్ళ చేసుకుని, దాన్ని చెక్క మీద పెట్టి చాకు మొనతో గీసుకుని, ఆ గీతలోపల తవ్వండి. గుంట ముందు తవ్వి దానికి బిళ్ళ సరిచేద్దామనుకుంటే సాయంత్రానికి గుంట పెద్దదవుతుంది, బిళ్ళ చిన్నదవుతుంది.

మరి రంపప్పొట్టు ముద్ద ఎందుకూ పనికిరాదా అంటే, గుండుసూది తలంత గుంటలకి పనికొస్తుంది. అదీ కనిపించని చోట. పనస కోసినప్పుడు పసుపు కొమ్ములా ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ తేనె రంగుకి, తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది. దాని పొట్టు నుంచే బౌద్ధ భిక్షువుల చీవరాలకి రంగు తీసేవారంటే అందులో ఎంత రంగుందో చూసుకోండి. జిగురులో కలిసిన పొట్టు చెక్కతో సమానంగా మారదు. ఇవాళ కలిసిపోయినట్టున్న ముద్ద ఏడాదికి మరకలా తేలుతుంది.

పాలిష్ వేసేటప్పుడు ముందు, వెనక, పక్కలతో పాటు తీగల కదలికని పట్టే పికప్‌ల గుంటల లోపల, వైర్ల గుంట లోపల కూడా పూయండి. కనిపించదు కదా అని వదిలేస్తే తేమ ఆ దారినే వస్తూ పోతూ ఉంటుంది. కొస నార బయటపడే వంపుల దగ్గర ఇంకో రెండు పూతలు ఎక్కువే వేస్తాను.

శబ్దం పాడవుతుందా అని చివర్లో అడిగారు. గట్టి బాడీ ఎలక్ట్రిక్ గిటారులో అతుకు గట్టిగా ఉంటే తేడా నా చెవికి దొరకలేదు. నా పగిలిన గిటారూ, పగలనిదీ ఒకే పికప్‌తో కళ్ళు మూసుకుని విన్నాను, మా అబ్బాయి మార్చి మార్చి వాయించాడు. నాలుగుసార్లలో రెండుసార్లు తప్పు చెప్పాను.

ఒక్కటి మాత్రం చూసి చెప్పండి. చెక్క కొసవైపు వలయాలు ఎలా ఉన్నాయి? వలయాల కేంద్రం, అంటే మాను నడిబొడ్డు, మీ చెక్కలోనే చిక్కుకుని ఉంటే పైన చెప్పిన ఎదురుచూపంతా దండగ. అది ఎన్నేళ్ళు ఎండినా పగులుతూనే ఉంటుంది. అప్పుడు నడిబొడ్డు ఉన్న పట్టీ మొత్తం, అటు ఇటు అంగుళం చొప్పున, కోసి తీసేసి రెండు పక్కల ముక్కల్నే బరువు చూసుకుంటూ ఎండనివ్వండి. కొసవైపు ఫొటో ఒకటి, పగటి వెలుతురులో తీసి పెడితే చూసి చెప్తాను.